గాజు తొట్టిలోని పాముకు బయటి లోకం ఎంతవరకు తెలుస్తుంది?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరును ముందుగా చెబుతాను. తిరుపతిలో, రైలు పట్టాలకు దగ్గరగా ఉన్న మిద్దె ఇంటి పైగదిలో, జల్లెడ మూత గల మూడడుగుల గాజు తొట్టిలో మీరు ఒక బాల్ పైథాన్‌ను (ఆఫ్రికా కొండచిలువను) పెంచుతున్నారు. గాజు ముందు చేయి ఆడించినా పట్టించుకోని ఆ పాము, మూత తీసి అదే చేయి లోపల పెట్టగానే కాటుకు వస్తోంది. గదిలో ఎవరూ లేకపోయినా రైలు వెళ్ళేటప్పుడు, గంగమ్మ జాతర రోజుల్లో వీధిలో డప్పులు మోగినప్పుడు తల వెనక్కి లాక్కుంటోంది. కోడికూర వండిన రోజు రాత్రంతా తొట్టి అంచుల వెంట తిరుగుతోంది. ఇన్నింటికి స్పందించే జీవి మిమ్మల్ని మాత్రం గుర్తుపట్టినట్టు కనిపించడం లేదు కనుక, దానికి చూపు లోపమా, లేక అది పుట్టుకతోనే కోపిష్టి పామా అని అడిగారు.

రెండూ కావని నా అభిప్రాయం. తిరుపతి చుట్టుపక్కల ఇళ్ళలోకి వచ్చిన పాములను పట్టి అడవిలో వదిలే పని చాలా ఏళ్ళుగా చేస్తున్నాను, మిత్రుల ఇళ్ళలో పెరిగే విదేశీ పాముల బాగోగులు కూడా చూస్తుంటాను. ఆ రెండు రకాల పాములను పక్కపక్కన గమనించినప్పుడు స్పష్టంగా కనిపించేది ఒకటే: పెంపుడు పాము ప్రవర్తనలో మనం స్వభావం అనుకునే దానిలో చాలా భాగం గాజు వల్ల వచ్చినది.

వివరాల్లోకి వెళ్ళే ముందు చట్టం గురించి రెండు మాటలు చెప్పక తప్పదు, ఎందుకంటే ఈ సమాధానం చదివి ఎవరైనా కరకంబాడి వైపు పొలాల్లో దొరికిన జెర్రిపోతును తొట్టిలో పెట్టుకుంటే అది నేరమవుతుంది. మన దేశపు అడవి పాములను, విషం ఉన్నా లేకపోయినా, ఇంట్లో ఉంచుకోవడానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికాకు చెందినది, అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నది. కనుక 2022లో చట్టానికి వచ్చిన సవరణను, 2024లో వచ్చిన నిబంధనలను అనుసరించి కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో దాని వివరాలు నమోదు చేయించాలి. మీ దగ్గర పత్రాలున్నాయని రాశారు కాబట్టి ఇక అసలు విషయానికి వస్తాను.

గాజు వెలుతురును రానిస్తుంది. తొట్టి ఆనుకొని ఉన్న బల్ల గుండా, గోడ గుండా వచ్చే అదురును కూడా రానిస్తుంది. వాసనను మాత్రం ఆపేస్తుంది, శరీరాల నుంచి వెలువడే వేడి కిరణాలను కూడా ఆపేస్తుంది. శేషాచలం పాదాల దగ్గరి కాలనీలోకి దిగివచ్చిన కొండచిలువకు మనిషి ఎదురైతే అతని రూపం, ఒంటి వేడి, వాసన, అడుగుల అదురు నాలుగూ ఒకే వైపు నుంచి, కొద్దిపాటి తేడాతో అందుతాయి, ఆ నాలుగింటినీ కలుపుకొని అది ఎదుట ఉన్నది ఏమిటో తేల్చుకుంటుంది. మీ పాముకు ఆ నాలుగూ విడివిడిగా, ఒకదానితో ఒకటి పొసగని విధంగా అందుతున్నాయి. రేణిగుంట జంక్షన్‌లో ఆగిన ఏసీ పెట్టెలో కిటికీ పక్కన కూర్చున్నవారికి ప్లాట్‌ఫారంపై పొగలు కక్కే ఇడ్లీ కనిపిస్తుంది గానీ దాని వాసన రాదు, వేడి తగలదు, కాని తలుపు తెరుచుకున్న క్షణంలో అన్నీ ఒక్కసారిగా మీద పడతాయి. మీరు మూత తీసినప్పుడు పాముకు జరిగేది దాదాపు అదే.

వీటిలో వేడి సంగతిని కొంచెం ఎక్కువగా చెప్పాలి, ఎందుకంటే మీరు చెప్పిన కాట్లకు ప్రధాన కారణం అక్కడే ఉంది. మీ పాము ముఖాన్ని దగ్గరగా చూడండి. పై పెదవి పొలుసులపై, ముక్కు దిగువ నుంచి వెనక్కి, సూది మొనతో నొక్కినట్టున్న చిన్న గుంటలు వరుసగా కనిపిస్తాయి. అవి వేడిని పసిగట్టే అవయవాలు. మన కొండచిలువకూ అవి ఉన్నాయి. తూర్పు కనుమల అడవుల్లో కనిపించే పచ్చని వెదురు పింజరకు కంటికీ ముక్కుకూ మధ్య ఇరువైపులా ఒక్కొక్కటి చొప్పున పెద్ద గుంట ఉంటుంది, దాని లోపల వేలాడే పలుచని పొర మిల్లీమీటరులో వందో వంతుకు కాస్త పైబడిన మందంతో ఉంటుంది. నాగుపాముకు, కట్లపాముకు, మన పొలాల్లో తిరిగే రక్తపింజరకు ఇలాంటి గుంటలు లేవు. రక్తపింజరకు కూడా ఉంటాయని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. ఈ గుంటల్లోని నాడుల చివర్లలో వేడికి తెరుచుకునే ప్రోటీన్ ద్వారం ట్రిప్-ఏ1 అని 2010లో డేవిడ్ జూలియస్ ప్రయోగశాల తేల్చింది. వేడిని, స్పర్శను గ్రహించే ద్వారాలను కనుగొన్నందుకు ఆయనకు 2021లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిలో వాటా లభించింది.

మనిషి చర్మం, ఎలుక ఒళ్ళు వెదజల్లే వేడి కిరణాల తరంగదైర్ఘ్యం ఎక్కువగా పది మైక్రోమీటర్ల (మైక్రోమీటరు అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చుట్టుపక్కల ఉంటుంది. మామూలు కిటికీ గాజు అయిదు మైక్రోమీటర్లు దాటిన కిరణాలను దాటనివ్వదు. దాన్ని కళ్ళారా చూడాలంటే ఎవరి దగ్గరైనా ఉష్ణ కెమెరా దొరికినప్పుడు గాజు తలుపు వెనుక నిలబడి చూడండి. తెరపై మీరు కనిపించరు, గాజు తన సొంత వేడితో ఒక చదునైన రంగులో కనిపిస్తుంది. అరచేతిని గాజుకు ఆనించి కొంతసేపు ఉంచితే గాజే వేడెక్కి, అంచులు చెదిరిన మచ్చ ఒకటి ఏర్పడుతుంది. మీ పామున్న వైపు నుంచి చూసినా కథ అంతే. గాజు అవతల ఆడుతున్న మీ చేయి దాని గుంటలకు వేడి లేని ఒక బొమ్మ.

ఇక్కడ 1981లో గిలక పాములపై (తోకతో చప్పుడు చేసే అమెరికా రాటిల్‌స్నేక్‌లపై) జరిగిన ఒక పరిశోధనను గుర్తు చేసుకోవడం అవసరం. మెదడులో చూపును విడమర్చే భాగంలో కన్ను నుంచి వచ్చే సమాచారం, గుంటల నుంచి వచ్చే సమాచారం ఒకేచోట కలుస్తాయని, అక్కడి కొన్ని నాడీకణాలు రూపం, వేడి రెండూ ఒకేసారి అందినప్పుడే స్పందిస్తాయని, ఒకటి మాత్రమే అందితే మిన్నకుంటాయని అందులో తేలింది. గిలక పాము వేరు, బాల్ పైథాన్ వేరు, రెండింటి గుంటల నిర్మాణం కూడా వేరు. అయినా మీరు చూస్తున్న ప్రవర్తనకు ఇంతకన్నా సరిపోయే వివరణ నాకు తెలియదు. గాజు వెనుక చేయి రూపం ఉంది, వేడి లేదు, కనుక పాము పట్టించుకోలేదు. మూత తీయగానే అదే రూపానికి వేడి తోడైంది, అది కూడా పైనుంచి వచ్చింది. నేలపై తిరిగే పాముకు పైనుంచి దిగే వెచ్చని వస్తువు గద్ద కావచ్చు, ముంగిస కావచ్చు. మీ సొంత నియమం ప్రకారం వారానికోసారి పట్టకారుతో దిగే ఎలుక కూడా అదే దారిలో వస్తుంది. పారిపోవాల్సినదా, పట్టుకోవాల్సినదా అని తేల్చుకోవడానికి దానికి ఉండే వ్యవధి రెప్పపాటు మాత్రమే, అందులో ఏ నిర్ణయం తీసుకున్నా మీ చేతికి పళ్ళు దిగుతాయి.

తిరుపతి ఎండలకు సంబంధించిన ఒక విషయం విదేశీ పుస్తకాల్లో కనిపించదు కనుక ఇక్కడే చెబుతాను. గుంటలు పసిగట్టేది వస్తువు ఎంత వేడిగా ఉందన్నది కాదు, వెనుక ఉన్న గోడకన్నా ఎంత తేడాగా ఉందన్నది. మన చేతి చర్మం సుమారు 33, 34 డిగ్రీలు ఉంటుంది. మే నెలలో మిద్దెపై గది గోడలు మధ్యాహ్నానికి 34 డిగ్రీలు దాటితే చేయి గోడలో కలిసిపోతుంది, ఫ్రీజర్ నుంచి తీసి, మంచు కరిగించి వెచ్చబెట్టిన ఎలుకకు కూడా పెద్ద తేడా మిగలదు. వేసవిలో మా పైథాన్ ఎలుకను చూసి కూడా పట్టడం లేదని చాలామంది అంటారు. ఆకలి మందగించడం ఒక కారణం, ఈ తేడా మాయమవడం మరొకటి. గది చల్లబడ్డాక, రాత్రి పది దాటిన తర్వాత, ఎలుకను గోరువెచ్చని నీటిలో ఉంచి దాని ఒళ్ళు 38, 40 డిగ్రీల దగ్గరికి వచ్చాక ఇస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. ఎలాగూ ఆ వేడిలో గదిని అలాగే వదిలేయడం పాముకే ప్రమాదం. తొట్టి చల్లని కొస 27 డిగ్రీలకు లోపల, వెచ్చని కొస 32 దగ్గర ఉండేలా చూడాలి, మన ఊళ్ళో వేసవిలో కష్టమైనది ఆ చల్లని కొసే.

ఇక వాసన సంగతి. పాము నాలుక రుచి చూడటానికి కాదు, గాలిలోని, నేలపైని రసాయనాల కణాలను అంటించుకుని లోపలికి తీసుకెళ్ళడానికి. నోరు తెరవకుండానే పై పెదవి ముందున్న చిన్న గాడిలోంచి నాలుక బయటికి వస్తుంది. రెండు కొసలు విడిపోయి పైకీ కిందికీ ఊగుతాయి, ఆ ఊపులో చుట్టూ ఉన్న గాలి సుడి తిరిగి కొసలకు తగులుతుంది. లోపలికి వెళ్ళిన కణాలు అంగిట్లో ఉన్న జాకబ్సన్ అవయవానికి చేరతాయి. రెండు కొసలు రెండు చోట్ల నుంచి తేవడం వల్ల ఏ వైపు వాసన గాఢంగా ఉందో పాముకు తెలుస్తుంది, ఎలుక నడిచిన జాడను అది తప్పకుండా వెంబడించగలిగేది అందుకే. దీనికి తోడు మనలాగే ముక్కుతో కూడా వాసన పసిగడుతుంది, సాధారణంగా ముక్కుకు ఏదో తగిలాకే నాలుక పని మొదలవుతుంది.

గాజు నాలుగు వైపులా వాసనను ఆపుతుంది గానీ జల్లెడ మూత ఆపదు. అందువల్ల మీ పాముకు ఇంటి వాసనలన్నీ పైనుంచి, దిక్కు లేకుండా దిగుతాయి. కోడికూర వాసన వచ్చిన రాత్రి అది తొట్టి అంచుల వెంట తిరిగింది ఆకలితో మాత్రమే కాదు, వాసన ఉన్నా అది వచ్చే వైపు దొరకక వెతుకుతోంది. ఆ రాత్రి చేయి పెట్టకండి. ఎలుకను పట్టుకున్న చేతిని సబ్బుతో కడగకుండా పెట్టడం ఎలాంటి పనో వేరే చెప్పనక్కరలేదు. తొట్టి ఉన్న గదిలో సాంబ్రాణి, అగరుబత్తీలు వెలిగించకపోవడమే మంచిది. ఫినాయిల్‌తో గది తుడవడం వాసనకే కాదు, పాము ఆరోగ్యానికే హాని, దాన్ని పూర్తిగా మానండి.

వాసన గురించి పెంపకందారులు తరచూ మరిచే సంగతి ఒకటుంది. తొట్టిలో పాముకు అతి ముఖ్యమైన వాసన దాని సొంత వాసన. ఎక్కడెక్కడ తిరిగిందో, ఏ గూడు తనదో అది ఆ జాడతోనే తెలుసుకుంటుంది. శుభ్రత పేరుతో కొబ్బరి పొట్టు అంతా ఒకేసారి పారబోసి, గూళ్ళు, కొమ్మలు అన్నీ కడిగి పెడితే, మన దృష్టిలో అదే ఇల్లు, పాము దృష్టిలో ముక్కూ మొహం తెలియని చోటు. తర్వాత రెండు మూడు రోజులు అది కుదురు లేకుండా తిరగడం, తిండి మానడం సహజం. మలమూత్రాలు పడినచోట ఎప్పటికప్పుడు తీసేయండి, అంతా మార్చాల్సి వచ్చినప్పుడు పాత పొట్టులో పొడిగా, శుభ్రంగా ఉన్న గుప్పెడు కొత్తదానిలో కలపండి, ఒక గూడును కడగకుండా ఉంచండి.

ఇక రైలు, డప్పుల సంగతి. పాముకు బయటి చెవి లేదు, కర్ణభేరి లేదు, కాబట్టి వినిపించదని, కళ్ళతోనే వింటుందని మన పెద్దలు అంటారు. నాగస్వరానికి నాగుపాము ఆడేది రాగం వల్ల కాదు, ఎదుట ఊగే ఊదేవాడి చేతులను, వాయిద్యాన్ని చూసి అన్నది నిజమే. కాని పాము పూర్తిగా చెవిటిది అన్నది నిజం కాదు. లోపలి చెవి దానికి చక్కగా ఉంది. అందులోకి వెళ్ళే సన్నని ఎముక దవడ ఎముకకు ఆనుకొని ఉంటుంది. కింది దవడ నేలపై ఆనినప్పుడు నేల అదురు ఆ దారిలో లోపలి చెవికి చేరుతుంది. 2012లో బాల్ పైథాన్‌లపైనే చేసిన కొలతల్లో అవి 80 నుంచి 160 హెర్ట్జ్ (సెకనుకు అన్నిసార్లు అదిరేవి) వరకు ఉన్న కంపనాలను అన్నింటికన్నా బాగా పసిగడతాయని, గాలిలో వచ్చే ధ్వని కూడా తలను అదిరించి వాటికి అందుతుందని, అయితే దానికి సుమారు 78 డెసిబెల్స్ గట్టిదనం కావాలని తేలింది. మామూలు సంభాషణ 60 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది కాబట్టి మీరు పక్కన కూర్చుని పేరుపెట్టి పిలవడం దానికి చేరే అవకాశం తక్కువ. 2023లో ఆస్ట్రేలియాలో వేరే జాతులపై జరిగిన పరిశోధనలో గాలిలో వచ్చే తక్కువ పౌనఃపున్యపు (గంభీరమైన) శబ్దాలకు కొన్ని పాములు ముందుకు, చాలావరకు విషపాములు వెనక్కి జరిగాయి. చెవిటిదన్న మాట ఇక చెల్లదు.

ఇప్పుడు మీ గది సంగతి చూద్దాం. పట్టాలపై బరువైన గూడ్సు బండి వెళ్తే ఆ అదురు పునాది గుండా, గోడ గుండా, బల్ల గుండా తొట్టి అడుగుకు వస్తుంది. మీకు వినిపించే కూతకన్నా మీకు తెలియని ఆ అదురే పాముకు పెద్ద కబురు. డప్పులు అంతకన్నా మరీ సూటిగా తగులుతాయి, ఎందుకంటే తోలు వాయిద్యాల గంభీర నాదం ఎక్కువగా దానికి బాగా వినిపించే మేరలోనే ఉంటుంది, వీధి ఊరేగింపులో 78 డెసిబెల్స్ ఏపాటి! జాతర వారంలో దానికి తిండి పెట్టకండి, బయటికి తీయకండి, తొట్టికి మూడు వైపులా ముతక గుడ్డ కట్టి వదిలేయండి.

రైలును, జాతరను మనం ఆపలేం గానీ ఇంట్లోనే ఉన్న మరొక కారణాన్ని ఆపగలం. మీరు పంపిన వివరంలో తొట్టి ఉన్న చెక్క అలమర కింది అరలోనే ఇన్వర్టరు, ఫ్రిజ్ స్టెబిలైజరు ఉన్నాయని రాశారు. మన విద్యుత్తు 50 హెర్ట్జ్‌ది, ట్రాన్స్‌ఫార్మరు ఇనుము దానికి రెట్టింపు, అంటే 100 హెర్ట్జ్ దగ్గర గుంయ్‌మంటుంది. అది బాల్ పైథాన్ చెవికి అన్నింటికన్నా బాగా తెలిసే మేర నడిబొడ్డున పడుతుంది. దానిపై అర చెక్కకు ఆనించిన తొట్టిలో దవడ నేలకానించి పడుకునే పాముకు ఆ గుంయ్‌కారం రాత్రింబవళ్ళు తప్పదు. చేయి అలమరపై ఆనించి చూడండి, సన్నని వణుకు మీకే తెలుస్తుంది. ముందుగా ఆ రెండింటినీ వేరే గోడకు మార్చండి. తొట్టి కింద అరంగుళం మందం గట్టి నురుగు పలక లేదా రబ్బరు పరచండి. మిక్సీ మోటారు హెచ్చు వేగంలో తిరిగినా ఏదో కొన్ని నిమిషాలే, అది వంటింట్లో ఉంటుంది, పెద్దగా పట్టించుకోనక్కరలేదు.

గాజును వేలితో తట్టడం మాత్రం అలాంటిది కాదు. అది పాము తలకు అంగుళం దూరంలో పుట్టే అదురు, దిక్కు, దూరం తెలియదు, వాసన లేదు, వేడి లేదు. ఇంటికి వచ్చిన పిల్లలకు ఈ ఒక్క విషయం గట్టిగా చెప్పండి.

చూపు విషయంలో మీరు అనుకున్నంత లోపం లేదు, మీరు ఆశించినంత పదునూ లేదు. రెప్పలు లేని ఆ కంటిపై పారదర్శకమైన పొలుసు ఒకటి అద్దంలా అతుక్కుని ఉంటుంది, కుబుసంతో పాటు అది కూడా ఊడుతుంది. కుబుసానికి కొన్ని రోజుల ముందు పాత పొరకూ కొత్త పొరకూ మధ్య ద్రవం చేరి కన్ను నీలంగా, పాలు కలిపినట్టు మారుతుంది, తర్వాత మళ్ళీ తేటపడి, ఆ పైన కొద్ది రోజులకు కుబుసం విడుస్తుంది. ఆ నీలం రోజుల్లో దానికి చూపు మసకే, మిగిలిన ఇంద్రియాలపైనే ఆధారపడుతుంది, చిరాకు పడటంలో ఆశ్చర్యం లేదు. మామూలు రోజుల్లో కదలికను చక్కగా పసిగడుతుంది. బాల్ పైథాన్ కంటిలో మసక వెలుతురుకు పనికొచ్చే దండ కణాలు ఎక్కువ, వాటితో పాటు అతినీలలోహిత కాంతికి స్పందించే శంకు కణాలు, పొడవైన తరంగాలకు స్పందించే శంకు కణాలు కూడా ఉన్నాయి. కనుక రాత్రి పూట ఎర్ర బల్బు పెడితే పాముకు తెలియదన్న దుకాణాల మాట నమ్మకండి. రాత్రి దానికి చీకటి కావాలి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో వేడి తప్పనిసరి అయితే వెలుతురు ఇవ్వని సిరామిక్ హీటరు వాడండి. మరొక చిన్న విషయం: గదిలో దీపం ఆర్పి తొట్టిలో మాత్రం వెలిగిస్తే లోపలి నుంచి గాజు అద్దంలా మారుతుంది, బయట ఏముందో పాముకు కనిపించదు, మీరు దగ్గరికి రావడం దానికి తెలియదు.

గాజు అడ్డంగా ఉందన్న సంగతి పాముకు బోధపడదు. ఎదుట ఖాళీ కనిపిస్తుంది, ముక్కు తగులుతుంది, మళ్ళీ ప్రయత్నిస్తుంది. ముక్కు కొనపై పొలుసులు గీరుకుపోయి గులాబీ రంగు కనిపించే పాములను చూసే ఉంటారు. మూడు వైపులా గాజును బయటి నుంచి ముదురు రంగు కాగితంతో మూసేస్తే ఈ రుద్దుడు చాలావరకు తగ్గుతుంది, ఎందుకంటే కనిపించని ఖాళీ కోసం పాము ప్రయత్నించదు.

స్పర్శ గురించి ఒక్క పేరా చాలు. పాము ఒళ్ళంతా, ముఖ్యంగా తల పొలుసులపై, ఒత్తిడిని పసిగట్టే సూక్ష్మ అవయవాలు ఉన్నాయి, వాటి పదును తక్కువేమీ కాదు. ఎరను చుట్టి నొక్కి చంపే బోవా పాములపై 2012లో వెలువడిన ఒక పరిశోధనలో, చుట్టి నొక్కుతున్న ఎలుక గుండె కొట్టుకోవడాన్ని అవి తమ ఒంటితో పసిగట్టి, అది ఆగిందని తెలిశాకే పట్టు సడలిస్తాయని చూపించారు. అలాంటి ఒంటికి, నాలుగు వైపులా గోడలు తగిలే ఇరుకు గూడే భద్రత. గూడులో చుట్టుకున్నాక మీ వేలు దూరేంత ఖాళీ మాత్రమే మిగలాలి, వెచ్చని కొసలో ఒకటి, చల్లని కొసలో ఒకటి ఉండాలి. అయితే ఈ చర్మాన్ని అడుగు వేడి విషయంలో నమ్మకండి. థర్మోస్టాట్ లేని హీట్ మ్యాట్‌పై కదలకుండా పడుకుని పొట్ట కాల్చుకున్న పాములు పశువైద్యుల దగ్గరికి వస్తూనే ఉంటాయి.

మిమ్మల్ని గుర్తుపడుతుందా అన్న ప్రశ్నకు నా జవాబు: ముఖాన్ని కాదు, వాసనను గుర్తుపడుతుంది. కార్న్ స్నేక్ అనే విషం లేని అమెరికా పాములపై జరిగిన ఒక పరిశోధనలో తెలిసిన మనిషి వాసనకూ కొత్త మనిషి వాసనకూ అవి తేడా చూపగలవని, అవి ఉండే చోటు ఎంత వైవిధ్యంగా ఉందన్నది దీనిపై ప్రభావం చూపుతుందని తేలింది. అవే పాములు తప్పించుకునే రంధ్రం ఎక్కడుందో నేర్చుకుని గుర్తుంచుకోగలవని 1999లో మరొక పరిశోధన చూపింది. కాబట్టి నేర్చుకోవడం వాటికి చేతకానిదేమీ కాదు. మీ వాసన వచ్చినప్పుడు నొప్పి, భయం కలగకపోతే, కొంతకాలానికి ఆ వాసనకు కుదురుగా ఉండటం నేర్చుకుంటుంది. ప్రేమ అని దాన్ని పిలవడం మీ ఇష్టం, నేనైతే పిలవను. మీరు గాజు అవతల ఉన్నంతసేపు ఆ వాసన మీ రూపం ఉన్న వైపు నుంచి దానికి అందదు కనుక అది మిమ్మల్ని పట్టించుకోకపోవడం న్యాయమే.

పై విషయాలన్నీ కలిపి చూస్తే మూత తీసే పద్ధతి మారాలి. కాట్లు ఆగాలంటే రూపం, వాసన, వేడి, అదురు ఒకేసారి మీద పడకుండా, ఒకదాని తర్వాత ఒకటి అందేలా చూడాలి. గదిలో దీపం వెలిగించి మామూలుగా నడుస్తూ రండి, బల్లపై చేయి నెమ్మదిగా ఆనించండి, అడుగుల అదురు తర్వాత ఈ అదురు ముందస్తు కబురుగా పనిచేస్తుంది. మూత ఒక కొసన బెత్తెడు తెరిచి, చేయి పెట్టకుండా ఒకటి రెండు నిమిషాలు ఆగండి, మీ వాసన లోపలికి దిగనివ్వండి. అప్పుడు నాలుకను గమనించండి. నెమ్మదిగా, పొడవుగా బయటికి వచ్చి, రెండు మూడుసార్లు ఊగి లోపలికి వెళ్తుంటే అది పరిశీలిస్తోంది, ముందుకు సాగవచ్చు. మెడ వంపు తిరిగి బిగుసుకుని, తల ఒకే వైపు నిలిచి, నాలుక ఆగిపోయి ఉంటే మూత వేసి మరో రోజు చూసుకోండి. అంతా బాగుంటే కొక్కెం కర్రతో గానీ చుట్టిన కాగితంతో గానీ ఒంటి నడుమ భాగాన్ని మెల్లగా తాకండి. ఎలుక అలా తాకదు, వేడి లేని ఆ స్పర్శ ఇది తిండి వేళ కాదని తెలుపుతుంది. ఆ తర్వాతే చేతిని పక్క నుంచి, తలకు దూరంగా, నడుము కిందికి చేర్చండి. తిండి పెట్టే రోజున మాత్రం ఈ తాకుడు ఏదీ వద్దు, నేరుగా పట్టకారుతో ఇవ్వండి. రెండు రోజుల తీరు వేరుగా ఉన్నంతకాలం పాము వాటిని వేరు చేసి నేర్చుకుంటుంది. వీలైతే వచ్చే ఏడాదికల్లా ముందు వైపు తలుపు ఉన్న తొట్టికి మారండి, పైనుంచి చేయి దిగే సమస్య దాంతో తొలగిపోతుంది.

ఇన్వర్టరు మార్చి, మూడు వైపులా మూసి, ఇలా కొన్ని వారాలు చేశాక కూడా అది కుదుటపడకపోతే ఇంద్రియాల గురించి ఆలోచించడం మాని నోరు చూడండి. చిగుళ్ళు ఎర్రబడి ఉన్నా, జిగురు తీగలు సాగుతున్నా నోటి ఇన్ఫెక్షన్ కావచ్చు. రోజంతా నీటి గిన్నెలోనే పడి ఉంటే, తడి తెల్లగుడ్డతో ఒళ్ళు తుడిచినప్పుడు మిరియపు పొడి లాంటి నల్లని చుక్కలు అంటితే అవి మైట్స్ అనే సన్నని పురుగులు. రెండూ ఇంట్లో మందులతో తగ్గేవి కావు, పశువైద్య విశ్వవిద్యాలయమే ఉన్న ఊరు మనది కనుక పాములను చూసిన అనుభవం గల పశువైద్యుడిని వెతకడం అంత కష్టం కాదు. తీసుకెళ్ళేటప్పుడు గాజు పెట్టెలో కాకుండా నూలు సంచిలో వేసి, మూతి ముడివేసి, గాలి రంధ్రాలున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి తీసుకెళ్ళండి.